ముసలితనం సాకు కాకూడదు

పరిశోధనల నుంచి విరమించిన చింపాంజీలను ముసలివి, జబ్బువి అంటూ ల్యాబ్ బోనుల్లోనే ఉంచేయడం అన్యాయం. వాటికి జీవితాంతం ఆశ్రయమివ్వడానికే అమెరికా 2000లో చింప్ చట్టం చేసింది. గుండె జబ్బు వీటిలో, ముఖ్యంగా మగవాటిలో, ఎక్కువన్నది నిజమే. కానీ పండు ముక్కలిస్తూ ఛాతీని జాలీకి ఆనించడం నేర్పితే మత్తు లేకుండానే అల్ట్రాసౌండ్ తీయొచ్చు. గుండె బలహీనమైన జంతువుకు ఆ మత్తే ముప్పు. ఆశ్రయ కేంద్రానికి తరలింపులో అసలు ప్రమాదం ఒంటరిగా పంపడం: అక్కడి కొత్త గుంపు వేళ్లు, చెవులు కొరికేయొచ్చు. కాబట్టి కలిసి బతికినవాటిని కలిపే పంపాలి. ప్రయాణపు పెట్టెను వారాల ముందే ఆవరణలో తెరిచి ఉంచి, మేత అందులోనే పెట్టాలి. చేరాక కొత్త గుంపును ముందు జాలీ అవతలి నుంచి చూపించి, ఒకదాని ఒళ్లు ఒకటి దువ్వడం మొదలయ్యాకే తలుపు తీయాలి.