వాలెన్సియాలో గురువారం నీటి పంచాయితీ

సంపాదకులకు నమస్కారం.

స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రావిన్సు మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ముప్పాతిక వంతు బున్యోల్ ఊళ్లో జనం టమాటాలు విసురుకునే పండుగకే సరిపోయింది. అది ప్రాచీన మతాచారమని రాయడం పొరపాటు. 1945లో కుర్రకారు వీధి గొడవగా మొదలైంది. 1950లలో నిషేధిస్తే, 1957లో ఊరివాళ్లు పెద్ద టమాటాను శవపేటికలో పెట్టి ఊరేగించి నిరసన తెలిపారు. 2013 నుంచి టికెట్ ఉంటేనే రానిస్తున్నారు.

కాలువ నీటి మీద బతికే మనవాళ్లకు అంతకన్నా కావలసిన సంగతి అదే ప్రావిన్సులో ఉంది. వాలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు, పెద్ద చర్చి అపొస్తలుల ద్వారం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. తూరియా నది నుంచి పారే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ఎనిమిది మందే న్యాయమూర్తులు. వాళ్లూ తమ పొలం తాము సాగు చేసుకునేవాళ్లే. నల్ల చొక్కాలు తొడుక్కుని గుండ్రంగా కూర్చుంటారు. ఇత్తడి కొక్కెం కర్ర పట్టుకున్న బంట్రోతు ఒక్కో కాలువ పేరు చెప్పి, దాని కింద ఫిర్యాదు పడ్డవాళ్లను పిలుస్తాడు. ఎవరూ రాకపోతే అయిదు నిమిషాల్లోపే సభ ముగుస్తుంది.

ఫిర్యాదు తెచ్చేది ఎక్కువగా కాలువ కాపలాదారు, అంటే మన లస్కరులాంటివాడు. వంతు కానప్పుడు తూము ఎత్తడం, పక్క చేలోకి నీళ్లు పొర్లనివ్వడం, పూడిక తీయకపోవడం, కట్ట తెంచడం: నేరాలు మనకు తెలిసినవే. పిలిచినవాడు రాకపోతే మరో రెండు వారాలు చూస్తారు. అప్పటికీ రాకపోతే అతను లేకుండానే తీర్పు. వకీళ్లు ఉండరు, వాదమంతా నోటిమాటే, భాష వాలెన్సియన్. అవసరమైతే పొలానికే వెళ్లి చూస్తారు. తీర్పు మీద అప్పీలు లేదు. తప్పు తేలితే జరిమానాతో పాటు ఖర్చులు, నష్టపరిహారం కట్టాలి.

ఈ ఏర్పాటుకు ప్రాణం ఒక చిన్న నియమంలో ఉంది. ఏ కాలువ మీద తగాదా వచ్చిందో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. గొడవ నది కుడిగట్టు కాలువదైతే తీర్పు ప్రతిపాదించేది ఎడమగట్టువాళ్లు, ఎడమగట్టుదైతే కుడిగట్టువాళ్లు. బంధుత్వానికీ ఊరి పెద్దరికానికీ అక్కడే అడ్డుకట్ట పడింది.

నీటిని క్యూసెక్కుల్లో కాక వాటాల్లో లెక్కగడతారు. ఆ వాటా పేరు ఫిలా. ఏరు నిండుగా ఉంటే వాటా నీళ్లు పెరుగుతాయి, ఎండితే అందరికీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. నీటి హక్కు భూమిని అంటిపెట్టుకునే ఉంటుంది, విడిగా అమ్ముకోవడం కుదరదు.

ఇది 960లో కోర్దోబా ఖలీఫాల కాలంలో పుట్టిందని అక్కడి నమ్మకం. 1960లో వెయ్యేళ్ల ఉత్సవం కూడా చేశారు. 1238లో నగరాన్ని గెలిచిన జైమే రాజు, ముస్లిముల ఏలుబడిలో ఎలా పారించుకున్నారో అలాగే పారించుకోమని రైతులకు హక్కు ఖాయం చేశాడు. 1978 స్పెయిన్ రాజ్యాంగంలోని 125వ అధికరణం ఇలాంటి సంప్రదాయ న్యాయస్థానాలకు చోటిచ్చింది. 2009లో యునెస్కో దీన్ని, ముర్సియాలోని ఇలాంటి సభనూ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే నగరం పెరిగి, ఆ ఎనిమిదింటిలో ఒకటైన రోవెల్లా కాలువ కింది భూమి చాలావరకు ఇళ్ల కింద కలిసిపోయింది. బాధాకరమైన సంగతి ఇదే.

మన దగ్గర 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. శివారు ఆయకట్టుకు నీరందక ఏటా తగాదాలు పడే చోట, ఎదుటిగట్టువాళ్లు తీర్పు చెప్పే పద్ధతిని పరీక్షించి చూడవచ్చు. మీరు వ్యవసాయ పేజీలో దీని మీద చర్చ పెట్టండి.

అక్కడికి వెళ్లే పాఠకులకు ఒక మాట: పావు తక్కువ పన్నెండుకే చేరుకోండి. ఆ చర్చి మికాలెత్ గోపురం గంట పన్నెండు కొట్టగానే పిలుపు మొదలవుతుంది, ఫిర్యాదులు లేని రోజున అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి.

— ఒక పాఠకుడు, తెనాలి