పట్టుబడి అయిన చెరువుకి మినరల్స్ ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసాన్ని మా అమ్మ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. కింద "నీ పిచ్చి ఇక్కడా మొదలైందే" అని ఓ ముక్క రాసింది. వ్యాసం బాగానే ఉంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే పగడాలు పెంచడం కష్టమనిపించిన వాళ్లు వాటి బదులు సీ ఎనిమోన్లు (పువ్వుల్లా విచ్చుకుని కనిపించే మెత్తటి సముద్ర జీవులు) వేసుకోవచ్చనీ, అవి తేలికనీ రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. నేను సరిగ్గా ఆ పనే చేశాను. తేలిక అన్నమాట మాత్రం ఒప్పుకోలేను.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. నాన్న చెరువులో మొదట టైగర్ రొయ్య వేశాడు, ఆ తర్వాత వనామి రొయ్య. పెరిగిన రొయ్యలన్నీ పట్టేయడాన్ని మా వైపు పట్టుబడి అంటారు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు వింటూ నిద్రపోయిన ఇల్లు మాది. పెళ్లయ్యాక టెక్సస్ వచ్చి డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాను. 2017లో నాలుగడుగుల ట్యాంకు కొన్నాను. ఇక్కడి లెక్కలో 90 గ్యాలన్లు, అంటే దాదాపు 340 లీటర్లు. అందులో కొమ్మల్లాంటి ఆక్రోపోరాలు, పళ్లేల్లాంటి మాంటిపోరాలు, నీటి వాలుకి ఊగే టార్చ్, హ్యామర్ పగడాలు. అన్నీ ఇక్కడ ఇళ్లల్లో ముక్కలు చేసి పెంచి, ఒకరికొకరు అమ్ముకునేవే. నాన్న వీడియో కాల్లో చూసి, "తినడానికి పనికిరాని పంటకి ఇంత పెట్టుబడా?" అనేవాడు. కానీ ఉప్పు శాతం ఎంత, ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల లెక్క) ఎంత అని ప్రతి ఆదివారం అడిగేవాడు కూడా.

2021 ఫిబ్రవరి 15, సోమవారం తెల్లవారుజామున రెండు దాటాక మాకు కరెంటు పోయింది. ఆ వారం టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లు చీకట్లో ఉన్నాయి. మర్నాడు డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల చలి. నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనం ముందు కూర్చున్నాడు. "హీటర్ సంగతి తర్వాతమ్మా, ముందు గాలి చూడు. చలికి నిదానంగా పోతాయి, గాలి అందకపోతే గంటల్లో పోతాయి" అన్నాడు. చెరువు మీద కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తే మనిషి మాట అది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు రెండుంటే వేశాను. ట్యాంకు చుట్టూ దుప్పట్లు కట్టాం. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి, పాల డబ్బాల్లో వేడినీళ్లు నింపి, మూత బిగించి ట్యాంకులో తేలేశాం. మా ఆయన రెండు రాత్రులు అదే పని. అయినా 25 డిగ్రీల్లో ఉండాల్సిన నీళ్లు మంగళవారం రాత్రికి 17కి దిగిపోయాయి.

బుధవారం సాయంత్రం కరెంటు వచ్చింది. క్లౌన్ చేపలు రెండూ బతికే ఉన్నాయి. పగడాలూ బతికాయనే అనుకున్నాను. శుక్రవారానికి ఆక్రోపోరాల మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోయి తెల్లటి ఎముక బయటపడింది. టార్చ్ పగడం గోధుమ రంగు జిగురైపోయింది. ట్యాంకు మూత తీస్తే ఎండగట్టిన చెరువు అడుగు వాసన. ఆ వాసన తెలిసిన వాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. పగడం తన అస్థిపంజరాన్ని నీళ్లలోని కాల్షియం, కార్బొనేట్‌తో కట్టుకుంటుంది. నిండుగా పగడాలున్న ట్యాంకులో అవి రోజూ తగ్గిపోతుంటాయి కాబట్టి, ఆ ద్రావణాలను చుక్కలు చుక్కలుగా వేసే చిన్న పంపు పెట్టుకుంటాం. కరెంటు రాగానే అన్నిటితో పాటు అదీ తిరగడం మొదలుపెట్టింది. పగడాలన్నీ తీసేశాక కూడా దాన్ని ఆపాలని నాకు తట్టలేదు. మూడు వారాల తర్వాత చూస్తే ఎనిమిదిన్నర దగ్గర ఉండే ఆల్కలినిటీ 13 డీకేహెచ్‌కి (దాని కొలమానం అది) ఎక్కింది. బోరు నీళ్లు కాచిన గిన్నెకి పట్టినట్టు హీటరు మీద తెల్లగా సున్నం పేరుకుంది. ఉప్పులో తేడా ఏమోనని రెండు రకాల కిట్లతో పరీక్ష చేసి, టెన్షన్ పడి నాన్నకి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి అడిగాడు: "పట్టుబడి అయిపోయిన చెరువుకి ఇంకా మినరల్స్ ఎందుకు చల్లుతున్నావమ్మా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనిక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం.

మీ వ్యాసంలో లేని తేడా ఇదే. ఎనిమోన్ పగడానికి దగ్గరి చుట్టమే కానీ దానికి ఎముక లేదు. కాల్షియం, ఆల్కలినిటీ పెద్దగా వాడుకోదు, నెలనెలా నీళ్లు కొంత మారిస్తే సరిపోతుంది. ఆ మేరకు ఖర్చు తగ్గే మాట నిజం. కానీ వెలుతురు విషయంలో ఏ తగ్గింపూ లేదు. దాని ఒంట్లోనూ పగడంలో ఉన్నట్టే కంటికి కనిపించని నాచు ఉంటుంది, అది వెలుతురులో తయారుచేసే తిండి మీదే ఎక్కువగా బతుకుతుంది. "పగడాలు పోయాయి కదా, పెద్ద లైట్లు అమ్మేద్దాం" అని మా ఆయన అన్నప్పుడు ఆపడానికి నాకు ఈ పాఠమంతా చెప్పాల్సి వచ్చింది.

అసలు తేడా ఇంకోటి. పగడం పెట్టినచోట ఉంటుంది. ఎనిమోన్ నడుస్తుంది.

మా వీధి చివర సముద్రపు ట్యాంకు ఉన్న పెద్దాయన ఒకరు ఏప్రిల్‌లో తన బబుల్ టిప్ రకం ఎనిమోన్ రెండుగా చీలితే ఒకటి నాకిచ్చాడు. దాని పోగుల (టెంటకిల్స్) చివర్లు బుడగల్లా ఉబ్బుతాయి, అందుకే ఆ పేరు. రాళ్ల మీద, ట్యాంకు మధ్యలో పెట్టాను. నా నీళ్లు ఇంకా కుదురుకోలేదు, దానికి నచ్చలేదు. రెండు రోజులు అద్దం మీద పాకింది. మూడో రాత్రి అలల పంపులోకి వెళ్లిపోయింది. తెల్లారి చూస్తే మిక్సీ వేసినట్టుంది. దాని కుట్టే కణాలన్నీ నీళ్లలో కలిసిపోయాయి. క్లౌన్లు కాక, చలిని తట్టుకున్న వేరే చేప ఒకటి ఆ రోజు చచ్చిపోయింది. సగం నీళ్లు మార్చి, నీళ్లను శుభ్రం చేసే కార్బన్ సంచీ రెండుసార్లు మార్చాక గాని వాసన పోలేదు. బుద్ధిగా ఏడాది పండిన ట్యాంకులో వేయాల్సిన జీవిని, అప్పుడే కూలిపోయిన ట్యాంకులో వేశాను. తప్పు నాదే. ఉచితంగా వచ్చిందని ఆశపడ్డాను, అంతే.

ఆ తర్వాత ఏడు నెలలు చేపలు తప్ప ఏమీ వేయలేదు. ఈ ఏడు నెలల్లోనే పగడాల ట్యాంకు ఎనిమోన్ల ట్యాంకుగా మారిందని చెప్పాలి. లోపలున్న అలల పంపులు మూడిట్లో ఒకటి తీసేశాను, మిగతా రెండిటికీ స్పాంజి తొడుగులు కట్టాను. వాటిని వారానికోసారి ఉతకాలి, లేకపోతే పంపు ఊపిరాడక వేడెక్కుతుంది. నీళ్లు పొంగి కింది తొట్టిలోకి దిగే దువ్వెన పళ్లలాంటి సందుల దగ్గర వల బిగించాను. హీటర్లను ఆ తొట్టిలోకి మార్చాను, ఎందుకంటే ఎనిమోన్ హీటరుకి అతుక్కుని కాలిపోయిన కథలు చాలా విన్నాను. పగడాలు పెట్టుకోవడానికి మెట్లుమెట్లుగా పేర్చిన రాళ్లను కూల్చి, అద్దాలకి దూరంగా మధ్యలో ఒక దీవిలా కట్టాను. చుట్టూ ఇసుక. బబుల్ టిప్‌కి పాదం దూర్చుకోవడానికి రాతి సందు కావాలి. అది దొరికితే ఇసుక దాటి తిరగడానికి అంతగా ఇష్టపడదు.

చలిని తట్టుకుని మిగిలినవి బటన్ పగడాల గుత్తి ఒకటి, మెత్తటి తోలు పగడం ఒకటి. వాటిని ఆ పెద్దాయనకే ఇచ్చేశాను. తిరిగే ఎనిమోన్ దారిలో ఏది తగిలినా కుడుతుంది. రెండూ ఒకేచోట అందంగా ఉంటాయని మీ వ్యాసంలో వేసిన ఫొటో ఆ ఒక్క రోజు ఫొటో అయ్యుంటుంది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో కలిపి పెంచేవాళ్లు లేకపోలేదు. నాలుగడుగుల దాంట్లో నేను చేయను.

నీళ్ల విషయంలో కూడా అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. పగడాల రోజుల్లో, మేత, చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే నైట్రేట్ సున్నాకి దగ్గరగా ఉంటే గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఐదు నుంచి పది పీపీఎం ఉంటే దాన్ని తగ్గించాలని చూడను. చేపలకి ఇంకో చిటికెడు మేత వేస్తాను.

నవంబరులో రెండో బబుల్ టిప్ తెచ్చాను, ఈసారి డబ్బిచ్చి. పంపులన్నీ ఆపి రాతి సందు దగ్గర వదిలాను. రాత్రంతా టార్చిలైటుతో గంటకోసారి లేచి చూశాను, పసిపిల్ల ఉన్న ఇల్లు లాగే. రెండంగుళాలు జరిగి ఆగిపోయింది. ఇప్పటికీ అదే సందులో ఉంది. క్లౌన్ చేపలు మాత్రం మూడు వారాల దాకా దాని ముఖం చూడలేదు. అవి హేచరీలో పుట్టినవి, ఎనిమోన్ అంటే ఏమిటో వాటికి తెలీదు. ఒక పొద్దున ఆడది మెల్లగా ఒళ్లు రాసి చూసింది. సాయంత్రానికి మగదాన్ని కూడా దగ్గరికి రానివ్వలేదు.

వారానికోసారి గోరంత పచ్చి రొయ్య ముక్క పెడతాను. 2023 వేసవిలో అమ్మానాన్న వచ్చినప్పుడు నాన్న ఫ్రీజర్లోంచి ఆ ప్యాకెట్ తీసి తిప్పి చూశాడు. వెనకాల 'ప్రోడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉంది. అప్పటికి అమెరికాకి రొయ్యలు ఎక్కువగా వెళ్తున్నది మన దేశం నుంచే, మన దేశంలో ఎక్కువగా పండేది మన ఆంధ్రాలోనే. "ఇదెక్కడ పట్టుబడి చేశారో, ఏ కౌంటో" అంటూ, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో అని, ఆ ముక్క ఆయనే పెట్టాడు. ఎనిమోన్ ముడుచుకుని మింగుతుంటే అమ్మని కేకేశాడు. ఆ నెలలోనే అది మొదటిసారి చీలింది. ఇప్పుడు నాలుగున్నాయి.

ఇక మన దగ్గరి పాఠకుల కోసం. మీ వ్యాసంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇది, నేను చివరికి తెచ్చాను. నేను పగడాలు పెంచింది టెక్సస్‌లో. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అలా కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్లు), నల్ల పగడాలు కూడా అందులోనే ఉన్నాయి. వాటిని సేకరించినా, అమ్మినా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. దుకాణంలో అద్దాల వెనక కనిపించినంత మాత్రాన కొనుక్కోవచ్చని కాదు. చదివి ముచ్చటపడి ఎవరైనా కొంటే ఇబ్బంది పడేది వాళ్లే.

క్లౌన్ చేపల మీద మోజున్న వాళ్లకి మాత్రం దారి ఉంది. తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు వాటిని హేచరీలో పుట్టించి పెంచుతున్నారు. హేచరీ చేపలనే అడిగి కొనండి. ఎనిమోన్ లేకపోయినా అవి హాయిగా బతుకుతాయి, నావి నెలల తరబడి బతికాయి. ఎనిమోన్ల సంగతి అలా కాదు. చీలిక పిల్లలు పంచుకునే నాలాంటి వాళ్లని పక్కన పెడితే, దుకాణాల్లోకి వచ్చేవి ఎక్కువగా సముద్రంలోంచి పీకినవే. అది ఎన్నాళ్లు బతికే జీవో కూడా తెలుసుకోవాలి. స్కాట్లండ్‌లో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో ఒడ్డున పట్టి తెచ్చిన ఎనిమోన్ ఒకటి చేతులు మారుతూ 1887 దాకా గాజు జాడీలో బతికింది. దానికి 'గ్రానీ' అని పేరు. తెచ్చిన ఆయన దానికంటే ముందే పోయాడు. అలాంటిదాన్ని, పగడాలు బతకని నీళ్లలో ప్రయత్నించి చూద్దాం అనడం నాకు మింగుడు పడలేదు.

వచ్చే ఆదివారం చిన్న సవరణ ఒకటి వేస్తే చాలు, పగడాల చట్టం గురించి. చోటుంటే ఇంకోటి: మూడో ఫొటో కింద 'సముద్రపు మొక్క' అని పడింది. అది మొక్క కాదండీ, జంతువు. మా అమ్మ ఆ ముక్క చదివి, "మరి నాలుగేళ్లుగా దానికి రొయ్యలెందుకు పెడుతున్నావే?" అని అడుగుతోంది.

ఇట్లు,
భీమవరం ఆడపడుచు,
ప్లేనో, టెక్సస్