బోరు లైనును నల్లా లైనుకు ఇక కలపం

నల్గొండలోని మా పైపుల దుకాణానికి వచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. బోరు లైనునూ నల్లా లైనునూ జోడించి మధ్యలో ఒక్క గేటు వాల్వు పెట్టే పనికి ఇకపై ఒప్పుకోం. నల్లాకు నేరుగా మోటారు బిగించడానికీ అంతే. కొందరు ఇప్పటికే అలిగారు కాబట్టి కారణం చెప్పడం మా బాధ్యత.

నల్లా రోజంతా రాదు. సరఫరా ఆగగానే వీధి గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు గేటు వాల్వు కాస్త వదులుగా ఉన్నా, ఎవరైనా తిప్పి మరిచిపోయినా, బోరు మోటారు వేయగానే ఆ నీళ్లు వీధి గొట్టంలోకి పోతాయి. సంపు నీళ్లలో మునిగి ఉన్న పైపైతే మోటారు లేకుండానే వాటిని వెనక్కి లాగేస్తుంది. మర్నాడు వాటిని బిందెకు పట్టుకునేది పక్కింటివాళ్లు. ఇక నల్లాకు బిగించిన మోటారు, పగిలిన జాయింట్ల పక్కనున్న మురుగును కూడా పీల్చుకొస్తుంది.

మన జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఫ్లోరైడ్ బాధ భరించలేకే కదా కృష్ణా నీళ్ల కోసం అన్నేళ్లు కొట్లాడాం! తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. ఇక్కడ ఎన్నో బోర్లలో అంతకు మించే ఉంటుంది. కాచినా పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ మరింత చిక్కబడుతుంది. ఇంటిదాకా వచ్చిన మంచినీళ్లలో దాన్ని మనమే కలుపుకోవడమా?

‘ఎన్‌ఆర్‌వీ (నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వు) పెట్టించాం కదా’ అంటారు. మొన్న ఒక ఇంట్లో దాన్ని విప్పి చూపించాం. మూత కింద ఉప్పు తెల్లగా పేరుకుని, దాని మీద ఇసుక ఇరుక్కుని, మూత పూర్తిగా వాలడం లేదు. పైకి మాత్రం ఇత్తడి నిగనిగలాడుతోంది. అమెరికాలో చాలా నగరాల్లో, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు అమరికలకు ఏటా పరీక్ష తప్పనిసరి. 1933లో షికాగో హోటళ్లలో పైపుల జోడింపు లోపాల వల్ల మురుగు తాగునీటిలో కలిసి, అమీబిక్ విరేచనాలతో 98 మంది చనిపోయారు.

అలా వాల్వు పరీక్ష ఇప్పుడు మేమూ చేస్తున్నాం. నల్లా ఆగిన వేళ వచ్చి, మీటరు దగ్గరి వాల్వు కట్టేసి, ఎన్‌ఆర్‌వీకి వీధి వైపున్న కుళాయి తెరుస్తాం. గొట్టంలో మిగిలిన నీళ్లు కారిపోయాక బోరు మోటారు వేస్తాం. కుళాయిలో నీళ్లు వస్తే వాల్వు పట్టడం లేదన్నమాట. టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపేది) బోరు నీళ్లనూ నల్లా నీళ్లనూ పోల్చి చూస్తాం. కలుస్తున్నాయేమోనన్న అనుమానం తీరడానికే అది, ఫ్లోరైడ్‌ను కొలవదు. ఆ మీటరు చూపించి ఫిల్టర్లు అమ్మేవాళ్లను కాస్త నిలదీయండి.

పరీక్షకు 200 రూపాయలు, వాల్వు మార్చాల్సి వస్తే దాని ధర వేరు. నిజం చెప్పాలంటే మాకు మిగిలేది మోటార్ల అమ్మకంలోనే, ఇందులో కాదు. పైగా అన్నిటికంటే గట్టి ఉపాయానికి వాల్వే అక్కర్లేదు. సంపులో నల్లా పైపు మూతి, నీళ్లు పొర్లే మట్టానికి పైపు వెడల్పుకు రెండింతలైనా పైన ఉండాలి, ఎంత సన్న పైపైనా అంగుళానికి తగ్గకూడదు. మధ్యలో గాలి ఉంటే నీళ్లు వెనక్కి పోలేవు. బోరుకు వేరే ట్యాంకు పెట్టుకోండి, వంటింటి కుళాయికి నల్లా నీళ్లే రానివ్వండి.

రమ్మని ఫోను చేసేటప్పుడు మీ వీధిలో నల్లా ఎన్నింటికి ఆగుతుందో చెప్పండి. నీళ్లు వచ్చే వేళ మా మిస్త్రీ వచ్చినా ఊరికే కూర్చోవాల్సి వస్తుంది.