ఆ స్కాన్ గురించి తెలుగులో ఓ బోర్డు పెట్టండి

సంపాదకుల గారికి నమస్కారం.

నాకు 54 ఏళ్లు. తెనాలిలో బట్టలు కుడతాను. నెలసరి ఆగిపోయిన మూడేళ్లకు, ఈమధ్య మళ్లీ రక్తం కనిపించింది. డాక్టరమ్మ స్కాన్ రాశారు. సెంటర్లో లీటరు నీళ్లు తాగించి, గంటసేపు ఉగ్గబట్టుకొని కూర్చోమని, పొట్ట మీద చూశారు. తర్వాత 'బాత్రూంకి వెళ్లి రండమ్మా, టీవీఎస్ చేయాలి' అన్నారు. టీవీలో చూపిస్తారేమో అనుకున్నాను. చీర పైకి జరుపుకొని కాళ్లు మడిచి పడుకోమన్నాక గానీ అది యోని లోపలినుంచి తీసే స్కాన్ అని అర్థం కాలేదు. ఒళ్లంతా చెమటలు పట్టేశాయి.

తీరా చూస్తే భయపడేంత లేదు. బొటనవేలి కన్నా కాస్త లావుపాటి కడ్డీ, దానికి కొత్త కండోమ్ తొడిగి జెల్ రాస్తారు. కొద్దిగానే లోపలికి పెట్టి అటూ ఇటూ తిప్పుతారు. ఒత్తినట్టు ఉంటుంది, సూదులూ మత్తూ ఏమీ లేవు. పది నిమిషాల్లో లేచాను. పొట్ట మీదనుంచి కొవ్వూ పేగుల్లో గాలీ అడ్డొస్తాయి కదా, ఇలా అయితే గర్భసంచి దగ్గరగా కనిపిస్తుందట. లోపలి పొర మందం 3 మిల్లీమీటర్లు వచ్చింది. నాలా నెలసరి ఆగాక రక్తం కనిపించినవాళ్లకు 4 దాటితే ఆ పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారట. ఒక్క మిల్లీమీటరు! జాకెట్ కొలతల్లో నేను లెక్కే చేయను.

ఇదంతా మగ డాక్టరే చేశారు. ఆయా పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఉండమని అడగొచ్చు, నొప్పి పుడితే ఆపమనొచ్చు, అసలు వద్దనొచ్చు. పెళ్లికాని పిల్లలకు మామూలుగా పొట్ట మీదే చేస్తారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఆ గది గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని ఇంత బోర్డు ఉంది. 1994 చట్టం ఉంది గనుక పెట్టారు. దాని పక్కనే ఈ స్కాన్ ఎలా చేస్తారో తెలుగులో నాలుగు ముక్కలు రాస్తే ఏం పోతుంది?

మా తోడికోడలికి నెలనెలా విపరీతంగా రక్తం పోతోంది. 'గొట్టం పెడతారట గదక్కా' అని సంక్రాంతి నుంచీ వాయిదా వేస్తోంది. సోమవారం నేనే తీసుకెళ్తున్నాను. నీళ్లు తాగి రావాలో వద్దో ఈసారి ముందే ఫోన్ చేసి కనుక్కుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి