మీ ఫ్యూయల్ ట్యూనర్ నా లినక్స్ లాప్‌టాప్‌తో పనిచేయడం లేదు, దీనికి ఏదో ఒక దారి చూపించండి

కస్టమర్ సపోర్ట్ వారికి,

నమస్కారం. నాలుగు నెలల కిందట మీ వెబ్‌సైట్‌లోనే 24,500 రూపాయలు కట్టి, బండి ఇంజిన్‌కు అందే పెట్రోల్ మోతాదును మార్చుకునే మీ ఫ్యూయల్ ట్యూనర్ కొన్నాను. బిల్లు, బాక్స్ ఫొటోలు ఈ మెయిల్‌కు జత చేశాను. బాక్స్ మీద "యూఎస్‌బీ ఉన్న ఏ లాప్‌టాప్‌కైనా కలపొచ్చు" అని ఉంది. ఆ మాట నమ్మే కొన్నాను. విండోస్ లేకపోతే ఈ పరికరం ఎందుకూ పనికిరాదన్న సంగతి బాక్స్ మీద లేదు, ఆర్డర్ పేజీలో లేదు, ఇంటికొచ్చాక డౌన్‌లోడ్ పేజీ తెరిస్తేనే తెలిసింది. అప్పటి నుంచి మీ సపోర్ట్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "విండోస్ కంప్యూటర్ వాడండి" అన్న ఒక్క లైనే పంపి టికెట్ మూసేశారు. అందుకే ఈసారి మొత్తం వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

నాది 2019లో కొన్న రెండు సిలిండర్ల 650 సీసీ బండి. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తున్నప్పటి నుంచి ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ నీరసంగా కొట్టుకోవడం, 3,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే కుదుపు, రేస్ వదిలితే సైలెన్సర్‌లోంచి టప్‌టప్ శబ్దం మొదలయ్యాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ అన్న స్పార్క్ ప్లగ్ విప్పి చేతిలో పెట్టాడు. కాఫీ రంగులో ఉండాల్సిన మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "లీన్ కొడుతోంది తమ్ముడూ, పెట్రోల్ చాలడం లేదు" అన్నాడు. ఆయన మాట లెక్కకు కూడా సరిపోతుంది. మామూలు పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు, 20 శాతం కలిపితే ఆ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. ఒకే వేగంలో పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సార్ సర్దుకుంటుంది కానీ, ఒక్కసారిగా రేస్ ఇస్తే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) తనలో ఉన్న పాత పట్టిక ప్రకారమే పెట్రోల్ చిమ్ముతుంది. ఆ తేడా పూడ్చడానికే మీ ట్యూనర్ కొన్నాను.

నా లాప్‌టాప్ 2016 నాటిది. విండోస్ 10తో నత్తలా నడుస్తుంటే మూడేళ్ల కిందట ఉబుంటు 22.04 అనే లినక్స్ వేసుకున్నాను, ఈరోజుకీ చక్కగా పనిచేస్తోంది. వెనక్కి వెళ్దామన్నా విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఏమో ఇంత పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. మంచి లాప్‌టాప్‌ను పక్కన పడేసి, ఒక్క ట్యూనర్ కోసం ఇంకో 40 వేలు పెట్టి కొత్తది కొనమంటే ఎలా చెప్పండి?

అయినా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కేబుల్ పెట్టి చూస్తే మీ పరికరంలో ఉన్నది సీహెచ్340 అనే మామూలు సీరియల్ చిప్. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది, మనం వేరే ఏమీ ఎక్కించక్కర్లేదు. కానీ పెట్టిన రెండు సెకన్లకే పోర్ట్ మాయమైపోయేది. మళ్లీ పెడితే మళ్లీ కనిపించి మళ్లీ పోయేది. కేబుల్ పాడైందేమో అని రెండు కేబుళ్లు మార్చాను. ఒక రాత్రంతా సిస్టమ్ రాసుకునే లాగ్ చదివితే అసలు సంగతి బయటపడింది. చూపులేని వారు వాడే బ్రెయిల్ డిస్‌ప్లేల కోసం ఉబుంటులో బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఉంటుంది, కొన్ని బ్రెయిల్ పరికరాల్లోనూ ఇదే చిప్ ఉండటంతో అది మీ ట్యూనర్‌ను కూడా తనదే అనుకుని లాక్కుంటోంది. దాన్ని తీసేశాక పోర్ట్ నిలబడింది. తర్వాత పర్మిషన్ లేదంది, సీరియల్ పోర్ట్ వాడే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూపులో నా యూజర్‌ను చేర్చాను. ఈ రెండు ముక్కలు మీ హెల్ప్ పేజీలో రాసి ఉంటే నాకు మూడు రాత్రులు మిగిలేవి.

ఆ తర్వాత, విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్‌లో మీ సాఫ్ట్‌వేర్ తెరిచాను. తెరుచుకుంది, మెనూలన్నీ పనిచేశాయి, కనెక్ట్ నొక్కితే మాత్రం "పరికరం లేదు" అంది. చూస్తే వైన్ ఈ పోర్ట్‌కు ఇచ్చిన కామ్ నంబర్ (విండోస్ పద్ధతిలో పోర్ట్ నంబర్) పెద్దది, మీ లిస్ట్‌లో ఉన్నవి 1 నుంచి 16 వరకే. వైన్ సెట్టింగుల్లో దాన్ని కామ్ 3గా మార్చాను. ఈసారి కనెక్ట్ నొక్కగానే నా బండి మ్యాప్, అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ చిమ్మాలో చెప్పే పట్టిక, గడులు గడులుగా తెర మీదకొచ్చింది, అడ్డంగా యాక్సిలరేటర్ శాతం, నిలువుగా ఆర్‌పీఎం. ఇంజిన్ స్టార్ట్ చేస్తే గడుల మీద చుక్క కదులుతోంది. అది చూసి నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. కానీ 3,000 వరుసలో పెట్రోల్ 4 శాతం పెంచి, మార్పును పరికరంలోకి రాసే "రైట్" బటన్ నొక్కితే, ఆ రాత 12 శాతం దగ్గర ఆగిపోయింది. పదిసార్లు ప్రయత్నించాను, ప్రతిసారీ అక్కడే.

ఇక లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టాను. అసలు నష్టం ఇక్కడే జరిగింది. తెరవగానే మీ సాఫ్ట్‌వేర్ ముందు ఫర్మ్‌వేర్ (ట్యూనర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాల్సిందే అంది, వద్దు అనే బటనే లేదు. సరే అన్నాను. అప్‌డేట్ మొదలవగానే మీ పరికరం రీస్టార్ట్ అయ్యి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే బూట్‌లోడర్‌లోకి వెళ్లి, వేరే యూఎస్‌బీ ఐడీతో కొత్త పరికరంలా కనిపించింది. వర్చువల్‌బాక్స్‌కు నేను అప్పగించింది పాత ఐడీ ఉన్న పరికరాన్ని. ఈ కొత్తది లినక్స్ వైపే ఉండిపోయింది, లోపల మీ సాఫ్ట్‌వేర్ దానికోసం వెతికి వెతికి ఎర్రర్ ఇచ్చి ఆగింది. ట్యూనర్ మీద ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఇంజెక్టర్ల వైర్లు మీ పరికరం గుండానే పోతాయి కాబట్టి బండి ఇక స్టార్ట్ కాలేదు. ఆదివారం సాయంత్రం, తెల్లారితే ఆఫీసు, ఆ టెన్షన్ మీరు ఊహించుకోండి. మెకానిక్ అన్న ఇంటికొచ్చి, ట్యాంక్ ఎత్తి, మీ కనెక్టర్లు ఊడదీసి కంపెనీ కనెక్టర్లు మళ్లీ కలిపితే గానీ ఇంజిన్ పలకలేదు.

మర్నాడు ఆఫీసులో ఒకరి విండోస్ లాప్‌టాప్ అడిగి తెచ్చి అప్‌డేట్ చేస్తే నాలుగు నిమిషాల్లో అయిపోయింది. "అదేదో ముందే చేయొచ్చుగా" అని మీరు అనొచ్చు. ట్యూనింగ్ ఒక్క పూటలో అయిపోయే పని కాదని మీకు నేను చెప్పాలా? రెండు శాతం మార్చాలి, పది కిలోమీటర్లు తిరగాలి, ప్లగ్ చూడాలి, మళ్లీ ఒక శాతం తగ్గించాలి, ఎండలో ఒకసారి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చూసుకోవాలి. అన్ని రోజులు ఎవరి లాప్‌టాప్ అడగను? నా బండికి నా లాప్‌టాప్‌తో పని చేసుకునే అవకాశం ఉండాలి.

లినక్స్ కోసం పూర్తి సాఫ్ట్‌వేర్ రేపే తయారు చేయమని అడగడం లేదు. అది చేయగలిగితే మంచిదే, మెగాస్క్వర్ట్, స్పీడుయినో లాంటి ఈసీయూలకు వాడే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్ విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తోంది కదా. అంత పని కుదరకపోతే మీ పరికరం సీరియల్ పోర్ట్‌లో ఏ భాషలో మాట్లాడుతుందో, మ్యాప్ చదవడానికి, రాయడానికి ఏ కమాండ్లు పంపాలో ఆ పత్రం బయటపెట్టండి. మాలాంటి వాళ్లం మిగతాది రాసుకుంటాం, రాసింది అందరికీ ఉచితంగా ఇస్తాం. మ్యాప్‌లో ఒక గడి మార్చాలంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తప్పనిసరి అనే నిబంధన తీసేయండి, అప్‌డేట్ మధ్యలో ఆగినా పాత ఫర్మ్‌వేర్‌తో ఇంజెక్టర్లు పనిచేసేలా చూడండి. ఇది లినక్స్ వాళ్ల సమస్య మాత్రమే కాదు, అప్‌డేట్ మధ్యలో చార్జింగ్ అయిపోయి లాప్‌టాప్ ఆగిపోతే విండోస్ వాళ్లకూ ఇదే గతి. అన్నిటికంటే ముందు ఆ బాక్స్ మీద మాట మార్చండి. "విండోస్ మాత్రమే" అని రాస్తే నేను కొనేవాడినే కాదు, నాలాంటి ఇంకొకరైనా మోసపోకుండా ఉంటారు.

వీటిలో ఏదీ చేయలేం అంటే పరికరం వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను, బాక్స్ ఫొటోతో సహా.

రైట్ 12 శాతం దగ్గర ఆగినప్పటి లాగ్, అప్‌డేట్ ఫెయిలైనప్పుడు రెండు యూఎస్‌బీ ఐడీలూ కనిపించే లాగ్ జత చేశాను. వాటిని సపోర్ట్ డెస్క్ దగ్గరే ఆపకుండా సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీర్లకు పంపండి. వాళ్లు ఏ టెస్ట్ చేయమన్నా సాయంత్రం ఏడు తర్వాత చేసి పంపుతాను. ట్యూనర్ ప్రస్తుతం బండిలో లేదు, బల్ల మీదే ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్, విజయవాడ