శీనుకు, పొడుల డబ్బాలతోపాటు

ఎమ్మిగనూరు,
బుధవారం.

చిరంజీవి శీనుకు అమ్మ ఆశీస్సులు.

పార్సిల్‌లో చెనక్కాయల పొడి, నువ్వుల పొడి, రెండు కిలోల కొర్రబియ్యం పెట్టాను. నెయ్యి సీసా పాత పంచెలో చుట్టాను, మెల్లగా విప్పు. ఇరవై రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. పనిలో ఉంటావులే అనుకుని ఇట్లా రాస్తున్నాను. నాయనకు మోకాలి నొప్పి అట్లే ఉంది, అయినా మగ్గం గుంటలోంచి లేవమంటే లేవడు.

పెద్దక్క ఏదో చెప్పింది. ఉద్యోగం మానేసి ఆశ్రమంలోనే ఉండిపోతానన్నావంట. నేను నమ్మలేదు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి జపం చేసుకుంటున్నావని వింటే సంతోషమే అయింది. ఒంటిపూట తింటున్నావంటే మాత్రం కాలేదు. చిన్నప్పటినుంచి నీకు కడుపులో మంట. ఖాళీ కడుపుతో ఉండొద్దని డాక్టరు చెప్పింది మరిచిపోయావా?

పోయిన గురువారం మంత్రాలయం పోయొచ్చాం. ముందు ఊరి దేవత మంచాలమ్మకు మొక్కి, తర్వాత బృందావనం. స్వామి సంసారం వదల్లేదా అని అడుగుతావేమో. వదిలారు. ఆయన రాఘవేంద్రస్వామి, ఆయన త్యాగాన్ని కొలవడానికి నేనెంతదాన్ని? కానీ అక్కడ చేతులు జోడించినప్పుడల్లా ఆయన భార్య సరస్వతమ్మ గుర్తుకొస్తుంది నాకు. 1621లో తంజావూరులో ఆయనకు సన్యాసమిస్తున్నారని తెలిసి, ఒక్కసారి ముఖం చూద్దామని పరుగెత్తిందంట. దారిలో పాడుబావిలో పడి పోయిందని చెప్తారు. తర్వాత స్వామే కమండలం నీళ్ళు చల్లి ఆమెకు ముక్తినిచ్చారు. నీ చేతిలో కమండలం లేదు నాయనా.

ఆ మాట వదిలెయ్. నువ్వు బాగుంటే చాలు.

మీ నాయనను కన్న జేజినాయన సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాయనకు మూడేళ్ళప్పుడు, కరువు. సోమప్పగారు 1938లో పెట్టిన నేతగాళ్ళ సొసైటీ నూలే మనకు ఆధారం. పడుగు మగ్గం మీదే ఉంది, సగం నేశాడు. ఒకరోజు పొద్దున లేచి, ఇంక నాకీ సంసారం వద్దు, అహోబిలంలో ఉండిపోతానని వెళ్ళిపోయాడు. జేజి ఏడవలేదు, వెతకమని మనిషిని కూడా పంపలేదు. అంతవరకు కండెలు చుట్టడమే తప్ప మగ్గమెక్కని మనిషి, గుంటలో దిగి కూర్చుంది. కాళ్ళు అందలేదు. తొక్కే చెక్కల మీద గోనెసంచులు మడిచి కట్టుకుంది. ఎన్ని పోగులు తెంపిందో. పక్కింటాయన నేర్పుతానంటే, నువ్వు నీ నేత నెయ్యి అన్నదంట. పన్నెండోరోజు రాత్రి జేజినాయన వాకిట్లో నిలబడ్డాడు. నవనారసింహులనూ చూశాడు, జ్వాలా నరసింహుడి దగ్గర కండ్లు మూసుకుంటే మాత్రం తన పడుగే కనపడిందంట, ఎన్ని పోగులు తెగాయో అని. జేజి ఒక్కమాట అడగలేదు. సంగటి పెట్టింది. తినేసి, దీపం పెట్టుకుని తెల్లారేదాకా తెగిన పోగులు అతికాడు. ఆ తర్వాత నాడె విసిరినప్పుడల్లా నరసింహా అనుకునేవాడు. ఇటు ఒకటి, అటు ఒకటి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మగ్గం చప్పుడు నిలిచిపోతే ఆయన జపం ఆగిందేమోనని వంటింట్లోంచి తొంగిచూసేదాన్ని.

చదువుకున్నవాడివి, నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ బ్రహ్మంగారు బనగానపల్లెలో ఆవులు కాశాడు, కందిమల్లాయపల్లెలో వడ్రంగి పని చేసుకున్నాడు, గోవిందమ్మతో కాపురం చేశాడు, పిల్లల్ని కన్నాడు. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక్క నిమిషం కండ్లు మూసుకో. కిందపని చేసేవాళ్ళమీద అరవకు. జీతంలో నుంచి ఒకరి చదువుకు కట్టు. రాత్రి కోడలు గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి తుడువు. ఇవన్నీ చేసి చూడు, అప్పటికీ మనసు నిలవకపోతే నాకు ఫోన్ చెయ్, నేనే వస్తాను. ఇంటి లోను ఇంకా ఎన్నేళ్ళుంది? అది కూడా చెప్పు, నాయన అడుగుతున్నాడు.

చలి మొదలైంది, నాలుగింటికి తలస్నానం చేసి తడి జుట్టుతో కూర్చోకు. ఆశ్రమానికి పోతే పో, ఆదివారం పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రా.

నిన్న పాప వీడియో కాల్‌లో ముందరి పన్ను ఊడిందని నోరు తెరిచి చూపించింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచిపెట్టిందంట. నువ్వు చూశావా?

మీ అమ్మ