విద్యా కమిటీ నివేదిక 2024-25: సీటు కంటే ముందు ఫీజు లెక్క

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు, వినాయక చవితి లెక్కలు వేరే కాగితంలో ఇచ్చాం, ఇది పూర్తిగా మన పిల్లల చదువుల గురించి.

పోయిన వేసవి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాక ఒక అక్క ఎడ్యుకేషన్ లోన్ కాగితాలు పట్టుకుని మన సంఘం హాలుకు వచ్చారు. బాబును మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీ వాళ్లే నింపుకునే సీట్లలో) చేర్పించాలని, ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్లకు 8 లక్షలు తీసుకోవాలని అనుకుంటున్నారు. "ఉద్యోగం వచ్చాకే కదన్నా కట్టేది" అన్నారు. చదువుతున్న రోజుల్లోనూ వడ్డీ నడుస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు! బోర్డు మీద రాసి చూపించాం. 10 శాతం మామూలు వడ్డీ, చదువయ్యాక ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది అనుకుంటే మొదటి 2 లక్షలకు ఐదేళ్ల వడ్డీ, రెండో విడతకు నాలుగేళ్లది, ఆ తర్వాత మూడు, రెండు, అన్నీ కలిపితే మొదటి ఈఎంఐ రాకముందే 2 లక్షల 80 వేలు. అక్క చాలాసేపు ఆ అంకె వంకే చూస్తూ కూర్చున్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే సర్కారు కట్టే ఫీజు, కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే కన్వీనర్ సీటుకే వస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. మన తెలంగాణలో బీసీ పిల్లలకు ర్యాంకు 10 వేల లోపైతే పూర్తి ఫీజు, దాటితే 35 వేలు, అంటే లక్ష ఫీజున్న కాలేజీలో మిగతా 65 వేలు ఇంట్లోంచే పోవాలి. సర్కారు ఇవ్వాల్సిన డబ్బు కూడా టైముకు రావట్లేదు. బకాయి తీరేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమని ఒక కాలేజీ మన అమ్మాయిని తిప్పితే కమిటీ వాళ్లం రెండుసార్లు వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది.

అక్క వాళ్ల బాబు చివరికి ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరాడు. రెండేళ్ల కోర్సు, ఆ తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు. ఇంటర్ చదివి ఐటీఐ ఏంటని వాళ్ల నాన్న నెల రోజులు సరిగా మాట్లాడలేదట. ఫిబ్రవరిలో మన హాలు స్విచ్‌బోర్డు షాక్ కొడుతుంటే ఆ బాబే వచ్చి, మెయిన్ ఆపి, ప్లేటు విప్పి, ఆకుపచ్చ వైరు వేలితో పైకి తీసి "అంకుల్, ఎర్త్ అసలు కలపనే లేదు" అని చూపించాడు. ఇన్నేళ్లుగా ఆ బోర్డు పక్కనే పిల్లలను కూర్చోబెడుతున్నాం. వాళ్ల నాన్న ఆ రోజు అక్కడే ఉన్నారు.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు వెళ్లి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ గురించి చెప్పాం. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని చాలామందికి తెలియదు. సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవాళ్లకు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష కోసం ఆదివారాలు లెక్కలు చెప్పాం. అది నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి.

ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం కౌన్సెలింగ్ దాకా ఆగకండి, ఏప్రిల్‌లోనే మీసేవలో అప్లై చేయండి. ట్రేడ్‌లో చేరిన పిల్లలకు సొంత పనిముట్లు కొనడం కష్టంగా ఉంది, మీ ఇంట్లో వాడని మల్టీమీటరు, డ్రిల్లింగ్ మెషిన్ ఉంటే ఆదివారం హాల్లో ఇచ్చి పేరు రాయించండి.